తిరగలి లేబుల్ మీద నేను రాసిన వ్యాసం

పోయిన వారం ఉత్తరాదిన ఒక లా యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న అమ్మాయి ఫోను చేసింది. మేధో సంపత్తి చట్టం గురించీ ఇంటర్నెట్ చట్టం గురించీ మన దేశంలో తొలినాళ్ళలో వచ్చిన వ్యాసాలన్నీ ఏరి ఒక సంపుటంగా తెస్తున్నారట, అందులో నా పాత వ్యాసం ఒకటి వేసుకోవడానికి అనుమతి కావాలట. ఆ వ్యాసం తమ తరానికి దారి చూపిందనీ, దాన్ని చదివే తాను ఈ దారికి వచ్చాననీ ఆ పిల్ల గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోతుంటే, చెవి దగ్గర ఫోను పెట్టుకుని గోడవైపు చూస్తూ కూర్చున్నాను. వేసుకోమ్మా అన్నాను. వద్దనాలంటే ఎందుకు వద్దో చెప్పాలి కదా, అంత ధైర్యం ఆ రోజూ లేదు, ఈ రోజూ లేదు. ఆ పిల్లకు చెప్పలేనిది మీకు చెబుతున్నాను, నా ఈడు వాళ్ళు కాబట్టి మీరు తిడితే తిడతారు గాని ఆశ్చర్యపోరు.

ముందే ఒక మాట. నా తెలుగులో మీకు అరవం వాసన తగిలితే తప్పు పట్టకండి. మాది కోవిల్‌పట్టి దగ్గర నల్లరేగడి పల్లె, ఎన్ని తరాల కిందట అక్కడికి చేరినామో మాకే తెలియదు. మాకు తెలుగు ఇంట్లో మాట్లాడే భాషే తప్ప చదివే భాష కాదు, గడప దాటితే అరవమే. నేను తెలుగు అక్షరాలు దిద్దింది ముప్పై దాటినాక, మద్రాసులో సాటి అధ్యాపకుడొకాయన దగ్గర కూర్చుని. ఆయన నా మాట విని మా ముత్తవ్వ ఇట్లాగే మాట్లాడేదండీ అని నవ్వేవాడు, నేనూ నవ్వేవాణ్ణి.

నన్ను లా చదివించింది మా మామ, అంటే మా అమ్మకు తమ్ముడు. మా నాయన వాన కోసం ఆకాశం చూసి చూసి పత్తి వేసినవాడు, ఆయన చేతిలో ఏమీ నిలవలేదు. మామ మాత్రం పడుచుతనంలోనే సేద్యం వదిలి కోవిల్‌పట్టిలో చిన్న తీప్పెట్టి ఆఫీసు పెట్టినాడు. అగ్గిపెట్టెలు చేసే షెడ్డును మా పక్క ఇప్పటికీ ఆఫీసనే అంటారు, అందులో కుర్చీ ఒక్కటే ఉన్నా సరే. ముప్పై మంది ఆడవాళ్ళు చట్రాల్లో పుల్లలు పేర్చేవాళ్ళు, మామ స్వయంగా మందు కలిపేవాడు, చొక్కా చేతులకు ఎప్పుడూ గంధకం వాసన. ఆయన పెట్టె మీద లేబుల్ తిరగలి బొమ్మ, పసుపు మీద నల్లగా, పక్కన పిడికెడు గింజలు. తిరుత్తంగల్ ప్రెస్సులో అచ్చయి వచ్చేది. ఆ బొమ్మ చూసి కొనేవాళ్ళు అటు తెన్కాశి నుంచి ఇటు మదుర దాకా ఉండేవాళ్ళు, చదువు రాని ముసలమ్మలు అంగట్లో తిరగలి పెట్టె ఇయ్యి అని అడిగి తీసుకునేవాళ్ళు.

మా వాళ్ళలో అప్పుడొక వాడుక ఉండేది. రెండేండ్లు వరసగా వాన తప్పి సేద్యం ఎండిపోయిన చుట్టమెవరైనా అగ్గిపెట్టెల పని మొదలుపెడితే, కొత్త లేబుల్‌ను అంగడివాడు ముట్టడు కాబట్టి, నిలదొక్కుకున్న వాడు తన లేబుళ్ళ కట్ట ఒకటి పళ్ళెంలో తమలపాకులతో పెట్టి ఇచ్చేవాడు. ఆ చుట్టం తన సరుకు మీద ఆ లేబుల్ అంటించుకుని అమ్ముకునేవాడు. రెండు మూడేండ్లకు కాళ్ళ మీద నిలబడినాక సొంత బొమ్మ ఒకటి గీయించుకుని, మిగిలిన లేబుళ్ళను మళ్ళీ పళ్ళెంలోనే పెట్టి తిరిగి ఇచ్చేసేవాడు. దీనికి ఒక కాగితం లేదు, ఒక సంతకం లేదు. నేను లా మొదటి ఏడు చదివి వచ్చిన పొగరుతో, మామా, ముందు లేబుల్‌ను రిజిస్టరు చేయించు, తర్వాత ఇచ్చేటప్పుడు నాలుగు ముక్కలు రాయించుకో అని చెబితే ఆయన నా ముఖం ఎగాదిగా చూసి ఇట్లా అన్నాడు.

"సుట్టంతో కాగితం రాసుకుంటే ఇంక సుట్టమెందుకప్పా?"

నేనూ అంతటితో వదిలేసినాను.

అట్లా మామ లేబుల్ ఇచ్చింది కారియాపట్టి పక్క పల్లెలో ఉండే మా చిన్నాయనకు, మా నాయనకు దాయాది వరస. తొంభైల మొదట్లో, నేను సెలవులకు వచ్చినప్పుడల్లా మామ నన్ను అక్కడికి వెంటబెట్టుకుని పోయేవాడు. పదిహేను దినాలకొక శుక్రవారం పొద్దున్నే కోవిల్‌పట్టిలో బస్సెక్కి విరుదునగర్‌లో దిగి, ఇంకో బస్సు పట్టుకుని, దుమ్ము కొట్టుకుని ఆ పల్లెలో దిగేసరికి ఎండ నడినెత్తికి వచ్చేది. చిన్నాయన ఎదురొచ్చి మంచినీళ్ళు ఇచ్చేవాడు. మామ కూర్చునేవాడు కాదు. నేరుగా షెడ్డులోకి పోయి, కట్టిపెట్టిన అగ్గిపెట్టెల బండిళ్ళలో మధ్యదొకటి ఊడబీకి, అందులోనూ మధ్య పెట్టె తీసి, వరసగా పది పుల్లలు గీసేవాడు. పదీ సరిగ్గా అంటుకుంటే చెప్పులు విప్పి లోపలికొచ్చి ఆకు ముందు కూర్చునేవాడు, సద్దసంగటి రెండుసార్లు వేయించుకునేవాడు. మందు రాలినా, రెండు పుల్లలు చీదినా, మిగిలిన లేబుళ్ళు సంచిలో వేసుకుని, అన్నం తినకుండా బస్సుకు నడిచేవాడు. చిన్నమ్మ తలుపు సందులోంచి చూసేది, మామ చెప్పులు విప్పుతాడా లేదా అని.

ఒకసారి వానకాలంలో అట్లా తినకుండా లేచినాడు, నేనూ ఆయన వెంట ఆకలితో లేచినాను, దారిపొడుగునా లోపల్లోపల తిట్టుకున్నాను. మూడోరోజు చిన్నాయన కోవిల్‌పట్టికి వచ్చి, చెమ్మపట్టిన సరుకంతా పెరట్లో పోసి తగలబెట్టినానని చెప్పి, కొత్తగా చేసిన పెట్టె మామ చేతికిచ్చి నిలబడినాడు. మామ గీసి చూసి, అత్తను పిలిచి ఇద్దరికీ అన్నం పెట్టమన్నాడు. లేబుళ్ళు మళ్ళీ చిన్నాయన చేతికి పోయినాయి. కోపతాపాలన్నీ అంతటితో సరి. ఇదంతా నా కళ్ళతో చూసినాను, మీరు గుర్తుపెట్టుకోండి.

చదువయిపోయి మద్రాసులో ఒక లా కాలేజీలో చేరినాను. ట్రేడ్‌మార్కులు, పేటెంట్లు చెప్పే పేపరును ఎవరూ తీసుకోక మూలన పడేసి ఉంటే, కొత్తగా చేరినవాణ్ణి కాబట్టి నా నెత్తిన రుద్దినారు. పెద్దవాళ్ళంతా రాజ్యాంగమూ క్రిమినల్ చట్టమూ చెప్పుకుంటూ దర్జాగా తిరుగుతుంటే నేను ఎనిమిది మంది పిల్లలకు సబ్బు పెట్టెల బొమ్మలు చూపించి పాఠం చెప్పేవాణ్ణి. కొన్నాళ్ళకే గాలి మారింది. వేపకు పేటెంటు, పసుపుకు పేటెంటు అని పేపర్లు మోగిపోయినాయి. వెనకనే ఇంటర్నెట్ వచ్చింది, సైబర్ చట్టం వచ్చింది, వెబ్‌సైటు పేరు ఎవరిదంటే ఎవరిదని కొట్లాటలు మొదలైనాయి. నిన్నటిదాకా నన్ను పలకరించని వాళ్ళు ఆ డొమైన్ పేర్ల సంగతి కొంచెం చెప్పండి అని నా గది ముందు నిలబడేవాళ్ళు. నలభై రాకుండానే సభల్లో నా పేరు వేసేవాళ్ళు. తల కొంచెం, కొంచెమేంటి, బాగానే తిరిగింది.

ఆ రోజుల్లో మా రంగంలో ఒక మోజు ఉండేది. కంప్యూటర్ ప్రోగ్రాములను ఎవరి అదుపూ లేకుండా అందరూ పంచుకోవాలనీ, సొంతమనేదే పాత ఆలోచన అనీ పెద్ద పెద్ద వాళ్ళు రాసేవాళ్ళు. నాకొక మెరుపు తోచింది. ఇదంతా మా పల్లెల్లో ఎప్పుడో ఉంది కదా, మా వాళ్ళు లేబుళ్ళను పంచుకుంటున్నారు కదా అని. పదిహేను దినాల్లో ఇంగ్లీషులో వ్యాసం రాసి పారేసినాను. కోవిల్‌పట్టి, విరుదునగర్ పల్లెల తెలుగు రైతులు, తిరగలి లేబుల్, తమలపాకుల పళ్ళెం, అన్నీ అందులో ఉన్నాయి. ఇచ్చినవాడు ఏమీ అడగడు, తీసుకున్నవాడి సరుకు మీద అతనికి ఏ అదుపూ ఉండదు, ఇంటర్నెట్టు ఇప్పుడు కనుక్కున్నది వీళ్ళు ఏనాడో కనుక్కున్నారు అని రాసినాను.

శుక్రవారాల సంగతి రాయలేదు. మరిచిపోయి కాదండీ. మొదటి ప్రతిలో రెండు పేజీలు రాసినాను, చెప్పులు విప్పడం దగ్గర్నుంచి. చదువుకుంటే వాదం కుంటినడక నడిచింది. మధ్య బండిలు ఊడబీకి పుల్లలు గీసేవాడికి అదుపు లేదని ఎట్లా రాసేది? సభలో ఎవడైనా లేచి, సరుకు మీద అదుపు ఉంచుకుని లేబుల్ ఇస్తే ఇది మామూలు ట్రేడ్‌మార్క్ లైసెన్సే కదయ్యా, ఇందులో కొత్తేముంది అంటే నా మెరుపంతా ఆరిపోతుంది. ఆ రెండు పేజీలు చింపి బుట్టలో వేసినాను. వ్యాసం నిగనిగలాడింది. చప్పట్లు కొట్టినారు. కాలేజీ వాళ్ళు కొత్తగా వెబ్‌సైటు పెట్టి, అందులో పెట్టడానికి ప్రిన్సిపాలు ఫోటో తప్ప ఇంకేమీ లేక ఆ వ్యాసాన్ని లేబుల్ బొమ్మతో సహా ఎక్కించినారు.

ఆ సెలవులకు కోవిల్‌పట్టి పోయినప్పుడు మామను బస్టాండు దగ్గరి బ్రౌజింగ్ సెంటరుకు పిల్చుకుపోయినాను. చెక్క గళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చుంటే పేజీ ఒక్కో గీతా ఒక్కో గీతా పైనుంచి దిగింది. ఇంగ్లీషు ఆయనకు రాదు, అయినా తన లేబుల్ బొమ్మ కనిపించగానే లేచి నిలబడి, అద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసినాడు. ఇది అమెరికాలో కూడా కనబడతాదా అని ఆ సెంటరు పిల్లణ్ణి అడిగినాడు. ఎక్కడైనా కనబడుతుందని ఆ పిల్లడు చెప్పగానే బయటికి పోయి పల్లీ మిఠాయి పొట్లాలు కట్టించుకొచ్చి, అక్కడ కూర్చున్న అందరికీ పంచినాడు. నా మేనల్లుడు రాసినాడు అని ప్రతి ఒక్కరికీ చెప్పినాడు. ఆ మిఠాయి నేనూ తిన్నాను, ఏం చెప్పమంటారు.

ఎక్కడైనా కనబడుతుందన్నది ఇంకొకరికి బాగా అక్కరకొచ్చింది. చిన్నాయన ఎన్నేండ్లయినా సొంత బొమ్మకు తూగలేకపోయినాడు, మామా లేబుళ్ళు తిరిగి అడగలేదు. ఆయన సరుకును విరుదునగర్‌లో ఒక హోల్‌సేల్ వ్యాపారి కొని పై రాష్ట్రాలకు పంపేవాడు. చిన్నాయన కాలం చేసినాడు. ఆయన కొడుకులు ఆ వ్యాపారి చెప్పినట్టల్లా ఆడేవాళ్ళు, లేబుళ్ళు తిరిగి ఇవ్వలేదు సరికదా, మామను ఇంటికి పిలవడం కూడా మానేసినారు. ఒకనాడు చూస్తే తిరగలి లేబుల్ ఆ వ్యాపారి పేరున రిజిస్టరుకు పోయి ఉంది, పై ఊళ్ళలో ఇది మా లేబుల్, కోవిల్‌పట్టి సరుకు దొంగది అని అంగళ్ళకు నోటీసులు పోయినాయి. తాను గీయించిన బొమ్మను తన పెట్టె మీద అంటించుకుంటే దొంగ అనిపించుకునే గతి పట్టింది మామకు. ఆఫీసులో అప్పటికింకా పద్దెనిమిది మంది ఆడవాళ్ళు పనిచేస్తున్నారు. లేబుల్ పోతే ఆఫీసు పోతుంది, అందులో దాపరికమేమీ లేదు.

దావా వేసినాము. మామ పెట్టుకున్న లాయరు మంచివాడే గాని పొలం గట్ల తగాదాల్లో ఆరితేరినవాడు, ట్రేడ్‌మార్కు కేసు ఎన్నడూ నడపలేదు. నువ్వే పెద్ద ప్రొఫెసరువి, నువ్వు ఎట్లా చెబితే అట్లా అని కాగితాలన్నీ నా ముందే పోసినాడు. దావా కాగితం నేనే రాసినాను. లేబుల్ ముందు నుంచీ మామది, చుట్టానికి వాడుకోవడానికి ఇచ్చినాడు, అది మా వాళ్ళ ఆనవాయితీ అని రాసి, ఆనవాయితీకి సాక్షిగా నన్నే పెట్టుకున్నాను. నా వ్యాసం ఊసు ఎక్కడా ఎత్తలేదు. జిల్లా కోర్టుకు ఎవడొచ్చి ఇంటర్నెట్ వెతుకుతాడులే అనుకున్నాను. ఇంటర్నెట్ చట్టం పాఠం చెప్పే పెద్దమనిషి అనుకున్న మాట ఇది!

వ్యాపారి తరఫున వచ్చింది మదుర నుంచి ఒక కుర్ర లాయరు. నేను బోనులో నిలబడి ఆనవాయితీ గురించి గంటసేపు బాగానే చెప్పినాను, ఆ కుర్రాడు అడ్డు తగలలేదు. తర్వాత లేచి, ఫైలులోంచి నా వ్యాసం అచ్చుకాగితాలు తీసి, ఇది మీరు రాసిందేనా అని అడిగినాడు. నేనే అన్నాను. ఒక వాక్యం కింద ఎర్ర గీత కొట్టుకొచ్చినాడు, అది పైకి చదవమన్నాడు. ఇచ్చినవాడికి సరుకు మీద ఏ అదుపూ ఉండదు అని నా వాక్యాన్ని నేనే నిండు కోర్టులో చదివినాను. ఈ మాట నిజమా, అబద్ధమా అని అడిగినాడు. అదుపు లేకుండా లేబుల్ ఇచ్చినవాడికి చట్టంలో ఆ లేబుల్ మిగలదు, అది నేను పాఠం చెప్పే సంగతే. బ్యాంకు వాళ్ళ క్యాలెండరు కింద బల్ల మీద మామ కూర్చుని ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నా వైపు గర్వంగా చూస్తూ.

అబద్ధమంటే నేను అబద్ధం రాసి ప్రొఫెసరునైనట్టు. ఆ వ్యాసం అప్పటికి ఒక విదేశీ పుస్తకంలో అధ్యాయంగా పోతోంది, విభాగాధిపతి ఉద్యోగానికి నా పేరు వినబడుతోంది. నిజమే అన్నాను. కుర్ర లాయరు కూర్చున్నాడు. మా లాయరు లేచి, పాపం ఆయనకేం తెలుసు, సాక్షి ఇంకేమైనా చెప్పదలచుకున్నారా అని అడిగినాడు. అప్పటికీ చెయ్యి దాటిపోలేదు. శుక్రవారాలు ఉన్నాయి, పది పుల్లలున్నాయి, తినకుండా లేచిపోవడం ఉంది, చిన్నాయన తగలబెట్టిన సరుకు ఉంది, మామ కాక అదంతా చూసి మా వైపు నిలబడేవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలినాను. మామకు అవి సాక్ష్యమవుతాయని ఊహే లేదు, చుట్టాలింటికి పోయి రావడాన్ని కోర్టులో చెబుతారని ఆయనకెట్లా తెలుస్తుంది? చెబితే, మరి వ్యాసంలో ఎందుకు రాయలేదని వెంటనే అడుగుతారు. చెప్పేదేమీ లేదన్నాను. బోను దిగినాను.

తీర్పు వచ్చింది. లేబుల్ ఇచ్చినవాడు సరుకు మీద అదుపు పెట్టుకోలేదని అతని సాక్షే ఒప్పుకున్నాడు కాబట్టి, ఆ లేబుల్ ఇంక అతనొక్కడిదే అని చెప్పడానికి వీలులేదని రాసినారు. చట్ట ప్రకారం తప్పు పట్టడానికి లేని తీర్పు, నేనైనా అట్లాగే రాసి ఉందును. లాయరు దాన్ని అరవంలో చదివి వినిపిస్తుంటే మామ తల ఒకవైపుకు వంచి విన్నాడు. అదుపు అన్న మాట దగ్గర ఆపి, అంటే ఏంటని అడిగి చెప్పించుకున్నాడు. బయటికొచ్చి వేపచెట్టు కింద చెప్పుల దుమ్ము దులుపుకుంటూ నాతో అన్నాడు.

"సరుకు సూసుకోని ఉండాల్నంట గదప్పా. మనం సూసినాము గదా. సుక్కురారం పోతిమి, పుల్ల గీస్తిమి, సరిలేకుంటే తినకుండా లేస్తిమి. నువ్వూ ఆడనే ఉంటివి. మర్సిపోయినావు. పర్వాలే, సదువుల్లో పడినోనికి ఇవంతా యాడ గ్యాపకముంటాది."

అప్పీలుకు పోదామన్నాను. వద్దన్నాడు. మళ్ళీ నిన్ను నిలబెట్టి అడుగుతారు, నీకు మర్యాద తక్కువ అన్నాడు. ఆ ఏడాది దాటకముందే ఆఫీసు మూసేసినాడు. ఆడవాళ్ళు కొందరు పల్లీ మిఠాయి చేసే చోట చేరినారు, కొందరు ఇండ్లలోనే ఉండిపోయినారు. నాకు విభాగాధిపతి ఉద్యోగం వచ్చింది. మామ మా అత్తతో కలిసి వచ్చి శాలువ కప్పి పోయినాడు.

ఇప్పుడు ఆ పక్క లేబుళ్ళు పళ్ళెంలో పెట్టి ఇచ్చేవాళ్ళు ఎవరూ లేరు. చుట్టాలైనా స్టాంపు కాగితం మీద ఒప్పందం రాసుకుంటారు, అందులో కొన్నింటిని రాసిచ్చింది నేనే. సరుకును తనిఖీ చేసే హక్కు అని ప్రతి ఒప్పందంలోనూ ఒక పేరా ఉంటుంది. ఆ పేరా ఎట్లా రాయాలో తరతరాల విద్యార్థులకు నేర్పినాను, బాగా రాస్తారు. ఎవరూ పోయి చూడరు. సరుకు ఫోటో ఒకటి ఫోనులో పంపితే సరే అని జవాబు పోతుంది. ఒకరింట ఒకరు తినడమే తగ్గిపోయినప్పుడు, తినకుండా లేచిపోతే మాత్రం ఎవరికి నొప్పి? చట్టానికి కావలసిందంతా మా వాళ్ళ దగ్గర ఉన్ననాడు దాని మీద కాగితం లేదు, కాగితం వచ్చిననాటికి అది లేదు.

మామ పోయేముందు నెల రోజులు మంచం మీద ఉన్నాడు. నేను పోయి పక్కన కూర్చునేవాణ్ణి. చెప్పాలనే పోయేవాణ్ణి ప్రతిసారీ, ఏవేవో మాట్లాడి వచ్చేసేవాణ్ణి. ఆయన పోయిన పదహారోనాడు కర్మకు వచ్చిన వాళ్ళతో అత్త నా గురించి చెబుతోంది, ఈ పిల్లాడికి చిన్నప్పటి నుంచీ మతిమరుపు, వీళ్ళ మామ ఎప్పుడూ అనేవాడు, దాన్ని మనసులో పెట్టుకోవద్దని నాతో కూడా చెప్పి పోయినాడు అని. వాళ్ళంతా జాలిగా నా వైపు చూసినారు. నేను తల వంచుకుని ఆ మతిమరుపును కూడా ఒప్పుకున్నాను.